బండి మింగిన చరణం

నేను గిటారు వాయించడానికి మా ఇంట్లో ఒక పేరుంది. ఇస్త్రీ. గిటారును ఒళ్ళో అడ్డంగా పడుకోబెట్టుకుని తీగల మీద స్టీలు కడ్డీ అటూ ఇటూ జరుపుతుంటే, మా ఆయనకు నేను చీర ఇస్త్రీ చేస్తున్నట్టు కనిపిస్తుందట. పెళ్ళయిన కొత్తలో కనిపెట్టిన ఈ హాస్యాన్ని ఆయన రైల్వే వర్క్‌షాపు నుంచి రిటైరయ్యాక కూడా వదల్లేదు. ఎవరైనా వచ్చి మేడమ్ ఉన్నారా అని అడిగితే "ఇస్త్రీలో ఉన్నాది, కూకోండి" అంటారు. వచ్చినవాళ్ళు బొగ్గుల పెట్టె కోసం అటూ ఇటూ చూస్తారు.

నేను వాయించేవి పాతకాలపు జాజ్ పాటలు. ఒకప్పుడు మా ఖరగ్‌పూర్ రైల్వే క్లబ్బులో ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లూ వాళ్ళ ఆడవాళ్ళూ జంటలు కట్టి డాన్సు చేసినవి. ఈ ఊళ్ళో హవాయిన్ గిటారు అంటే తెలియని బెంగాలీ ఇల్లు ఉండదు గానీ, వాళ్ళ దారి వేరు. స్కూలు, పరీక్ష, సర్టిఫికెట్టు, గోడకు దాని ఫ్రేము. ఇప్పుడు మేముండే మలంచా పేటలో మా పక్కింటి దీదీ ఇప్పటికీ నన్ను "మీది ఏ స్కూలు?" అని అడుగుతూనే ఉంటుంది. నాకు స్కూలు లేదు. నాకున్నదల్లా ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో మా నాన్నగారి క్వార్టరుకు నాలుగిళ్ళ అవతల ఉండే మాస్టారు.

మాస్టారు గూడ్సు బండి గార్డు. శ్రీకాకుళం వైపు మనిషి. డ్యూటీ లేని సాయంత్రాలు వరండాలో కాలనీ పిల్లల్ని కూర్చోబెట్టి గిటారు చెప్పేవారు. పాటల ఇంగ్లీషు పేర్లు ఎన్నడూ చెప్పలేదు, ఆయనకు తెలిస్తేగా! కుర్రతనంలో ఆయన క్లబ్బు డాన్సు హాల్లో బూట్లు నున్నగా జారడానికి నేల మీద పౌడరు చల్లే పనిలో ఉండేవారు. ఏ పాటకు అక్కడ ఏం జరిగితే అదే ఆ పాట పేరు. అందరికంటే ముందు వాయించేది పౌడరు పాట. ఇంజన్లో బొగ్గేసే ఒక ఫైర్‌మన్ పైఆఫీసరు భార్యతో రెండోసారి డాన్సుకు లేచినందుకు కుర్చీలు గాల్లోకి ఎగిరినది కుర్చీల పాట. ఎవరో తెల్లగౌను ఆవిడ స్తంభం పక్కన నిలబడి ఉన్నట్టుండి కళ్ళు తుడుచుకున్నది మేడమ్ ఏడ్చిన పాట. అది నాకు ప్రాణం.

ఈ పేర్ల వల్ల ఒక సుఖం ఉంది. ఒక శ్రీరామనవమికి పందిట్లో, భజన మొదలయ్యేలోపు ఏదైనా వాయించమ్మా అంటే కుర్చీల పాట వాయించాను. పానకం కలుపుతున్న పెద్దాయన గరిటె ఆపేసి "ఏటి భక్తమ్మా తల్లీ" అన్నాడు. ఆయన పుణ్యానికి నేనెందుకు అడ్డం రావాలని దణ్ణం పెట్టి ఊరుకున్నాను. ఇప్పుడు ఏటేటా అదే కావాలంటారు. వాయిస్తున్నాను. రాముడు ఇంతవరకు ఏమీ అనలేదు.

మేడమ్ ఏడ్చిన పాట చెప్పడానికి మాత్రం మాస్టారు ఒక వేళ పెట్టుకున్నారు. సాయంత్రం లోకల్ బండి వచ్చే వేళ. వరండాకూ పట్టాలకూ మధ్య ఒక రేగుచెట్టు, కంచె, అంతే. ఆ పాట కట్టుబడి చాలా సులువు. పల్లవి, మళ్ళీ అదే పల్లవి, తర్వాత దారి మళ్ళే చరణం, చివర మరోసారి పల్లవి. రెండో పల్లవి ముగిసేసరికి బండి వచ్చేది. కిటికీ రెక్కలు, స్టీలు గ్లాసులు, మా పళ్ళు, అన్నీ కలిసి దడదడలాడేవి. మాస్టారు మాత్రం ఆగేవారు కాదు. కళ్ళు సగం మూసుకుని కడ్డీని తీగల మీద పైదాకా తీసుకెళ్ళి, అక్కడ వణికించి, మెల్లగా కిందికి దించి, బండి ఆఖరి పెట్టె దాటగానే పల్లవిలో దిగేవారు. చరణం మొత్తాన్ని బండి మింగేసేది.

"మాస్టారూ, మజ్జిలోది ఇనపళ్ళేదు. మల్లీ వాయించరా?" అని నేనొకసారి అడిగాను.

"ఎల్లిపోయిన బండి మల్లీ ఎనక్కొస్తాదేటే గుంటా? సెయ్యి సూడు. సెయ్యి సూసి నేర్సుకో."

మిగతా పిల్లలు ఆ చోటు రాగానే ఊరికే చెయ్యి ఆడించి పల్లవిలోకి దూకేవారు. నాది మొండిఘటం. ఆయన కడ్డీ ఎక్కడెక్కడ ఆగిందో గుర్తుపెట్టుకుని ఇంటికి పరుగెత్తి, నాన్న కొనిపెట్టిన పాత గిటారు మీద వెతుక్కునేదాన్ని. దొరికింది ఉంచుకున్నాను, దొరకనిచోట ఇదే అయి ఉంటుందని నా చెవికి నచ్చింది పెట్టుకున్నాను. కొన్నాళ్ళకు చరణం మొత్తం కుదిరింది. బండి రాని ఒక రోజు మాస్టారి ముందు వాయించాను. ఆయన నా వైపు అదోలా చూసి "ఊఁ" అన్నారు. నలభై ఏళ్ళకు పైగా నేను ఆ ఊఁ మీదే బతికాను. మాస్టారు ఎవరికీ చెప్పకుండా బండి చాటున దాచుకున్న చరణాన్ని ఎత్తుకొచ్చానని నా గర్వం.

పోయిన చలికాలం ఒక ఆదివారం మా గేటు ముందు ఒక అమ్మాయి సైకిలు పంచరైంది. ఇంజనీరింగు ఇన్‌స్టిట్యూట్‌లో రీసెర్చి చేసే పిల్ల, నిజామాబాదు వైపుది. మా ఆయనకు పంచరు కనబడితే పండగ. ఆయన టైరు ఊడదీస్తుంటే, లోపల నేను మేడమ్ ఏడ్చిన పాట మొదలుపెట్టాను. రెండో పల్లవికి గుమ్మం దగ్గర ఎవరో నాతో పాటు కూనిరాగం తీస్తున్నారు. తల తిప్పితే ఆ పిల్ల.

"ఆంటీ, ఈ పాట మీకెట్ల తెలుసు?"

"మేడమ్ ఏడిసిన పాట కదా. మా మాస్టారు నేర్పినారు."

"ఏ మేడమ్?" అంది. చెప్పాను. కడుపు పట్టుకుని నవ్వి, ఆ పాట అసలు పేరు చెప్పింది. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి ఇంటిపేరు ఆ రోజే తెలిసినట్టయింది నాకు. ఇంతలో టైరు సిద్ధమని మా ఆయన కేకేశారు. ఆ పిల్ల వెళ్తూ వెళ్తూ గేటు పట్టుకుని నిలబడిపోయింది. వాళ్ళకొక చిన్న బృందం ఉందట. తను కీబోర్డు, ఒక బెంగాలీ అబ్బాయి బేస్ గిటారు, ఒక ఒడియా అబ్బాయి డ్రమ్ములు. వచ్చే నెల వాళ్ళ హాల్లో పాత జాజ్ పాటల సాయంత్రం ఉంది. "మీరు రావాలె ఆంటీ. మా పక్కన కాదు, ముందట కూచోని వాయించాలె."

నాకెంత ఆశ పుట్టిందో చెబితే నవ్విపోతారు. అరవైకి దగ్గరపడ్డాను. నా గిటారు విని ఇది ఫలానా పాట అని గుర్తుపట్టిన మొదటి ప్రాణి ఆ పిల్ల. ఇన్నాళ్ళూ అది ఇంట్లో ఇస్త్రీ, పందిట్లో భక్తి, పక్కింటి దీదీకి పరీక్ష పాసవని చదువు. నేను నేర్చుకున్నది నిజమైన సంగీతమేనని నలుగురి ముందు ఒక్కసారి తేలితే చాలనిపించింది. మా ఆయనతో మాత్రం "పిల్లలు అడుగుతన్నారు, పాపం, కాదంటే బాగోదు" అన్నాను. ఆయన నమ్మలేదు. ఆ సాయంత్రం నేను పచ్చిమిరపకాయలు వెయ్యకుండా పప్పు చేశానట.

ప్రాక్టీసు వాళ్ళ కాంపస్‌లోనే ఒక గదిలో. మొదటి పల్లవి వాయించగానే డ్రమ్ముల అబ్బాయి కనుబొమలెగరేశాడు. రెండో పల్లవికి బేస్ అబ్బాయి "వాహ్, మాషీమా" అన్నాడు. నేను గాల్లో తేలుతూ చరణంలో అడుగుపెట్టాను. అంతే, వాళ్ళు ముగ్గురూ ఒక దారి, నేనొక దారి. జంక్షన్‌లో పాయింటు సరిగ్గా పడని బండిలా ఎవరి పట్టా మీదికి వాళ్ళం పోయి ఆగిపోయాం.

ఆ పిల్ల నెమ్మదిగా అడిగింది. "ఆంటీ, ఈ చరణం ఏడిది? నేను విన్న ఏ రికార్డుల ఇది లేదు."

"అయితే రికార్డులోలు తప్పు వాయించినారు" అన్నాను.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉందని నాకే తెలుస్తోంది, కానీ నోరు ఆగితేనా. ఆ పిల్ల వాదించలేదు. ఫోన్ తీసి ఒక పాత రికార్డు పెట్టింది. పల్లవి, మళ్ళీ పల్లవి, నేను ఎరిగినవే. తర్వాత చరణం. నా జన్మలో మొదటిసారి విన్నాను దాన్ని. చక్కగా ఉంది, దానికేం. నాదానికీ దానికీ మాత్రం ఎక్కడా చుట్టరికం లేదు. నా చెవులు వేడెక్కాయి. గిటారు పెట్టెలో పెట్టేసి ఇంటికి పోయి తలుపేసుకుని ఏడవాలనిపించింది.

"మీది మంచిగుంది ఆంటీ. నిజం చెప్తున్న" అంది ఆ పిల్ల. "రికార్డుల ఉన్నదైనా వాయిద్దాం, మీదైనా వాయిద్దాం. మీదైతే మేమే నేర్చుకుంటం. కానీ ఇది ఎవలదో ముందుగాల చెప్పి వాయించాలె. లేకుంటే తప్పు వాయించిన్రు అనుకుంటరు. మీ మాస్టారుదేనా?"

"కనుక్కుని సెప్తాను" అన్నాను.

మర్నాడు సాయంత్రం మా ఆయన స్కూటరు మీద ట్రాఫిక్‌కు వెళ్ళాం. మాస్టారికి ఎనభై దాటాయి. అదే వరుస క్వార్టర్లలో కొడుకు దగ్గర ఉంటారు. అదే మాదిరి వరండా, చెవి మాత్రం కొంచెం దూరమైంది. మా ఆయన మూరీ, అదే మరమరాల పొట్లం తెచ్చుకుని మెట్ల మీద స్థిరపడ్డారు, నాటకానికి టికెట్టు కొన్నవాడిలా.

సూటిగా అడిగితే మాస్టారు జారిపోతారని నాకు తెలుసు. అందుకని రాత్రి కూర్చుని రికార్డు చరణం కూడా నేర్చుకుని వెళ్ళాను. ఆయన ముందు రెండూ వాయించాను, ముందు రికార్డుది, తర్వాత నాది. "మాస్టారూ, ఈ రెండిట్లో మీరు నాకు నేర్పినది ఏది?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడిచారు. మళ్ళీ పెట్టుకున్నారు. దగ్గారు. కోడలిని టీ పెట్టమన్నారు. తర్వాత మెడ చాచి పట్టాల వైపు చూడసాగారు. చూస్తారు, ఆగుతారు, మళ్ళీ చూస్తారు. కాసేపటికి గానీ నాకు వెలగలేదు. ఆయన లోకల్ కోసం ఎదురుచూస్తున్నారు.

"ఆ బండి టైము మార్చీసినారు మాస్టారూ. ఎప్పుడో మార్చీసినారు" అన్నాను.

"ఔనేటి" అన్నారు నీరసంగా.

"ఔను. ఇంక సెప్పండి."

ముళ్ళ మీద కూర్చున్నట్టు కాసేపు అటూ ఇటూ కదిలి, చివరికి మొదలుపెట్టారు. "ఒలే గుంటా, క్లబ్బులో నాను సూసినదంతా ఆ స్టీల్ గిటారోడి సేతులే. ఆడు ఎలగ వాయిస్తే అలగ ఇంటికొచ్చి వాయించీవోడిని. ఆ పాటలో సరణం ఆడికి లేదు. సరణం సాక్సాఫోనోడిది. ఆడు వాయించినంతసేపు గిటారోడు కడ్డీ కిందెట్టీసి, గలాసెత్తి తాగీవోడు. నాను ఆడి గలాసే సూసినాను గానీ, పాట ఇన్నానేటి?"

మెట్ల మీద మా ఆయనకు మూరీ అడ్డం పడింది.

"మరి సెయ్యి ఆడించీవారు కదా మాస్టారూ? పైకెల్లి, వణికించి, కిందికొచ్చి?"

"పిల్లల ముందర గలాసెత్తి తాగమంటావేటి?" అన్నారు మాస్టారు. "రాదని సెప్పుకుంటే పరువు పోతాది. బండొచ్చే ఏల సూసుకుని ఆ పాట ఎట్టీవోడిని. కడ్డీ తీగకి తగిలితే ఒట్టు."

నలభై ఏళ్ళ కిందట నేను చూసి నేర్చుకున్న చెయ్యి గాలిలో ఆడిన చెయ్యి. నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాని వెనకాలే నవ్వు తోసుకొచ్చింది.

"మరి నేను వాయించి వినిపించిన్నాడు ఊఁ అన్నారెందుకు?"

"బయమేసినాది." మాస్టారు ఈసారి నా ముఖంలోకి చూశారు. "ఈ గుంటకెవులో అసలు సరణం నేర్పీసినారు, ఇంక నా బండారం బయటెడిపోతాదనుకున్నాను. బాగున్నాది అంటే ఎక్కడిదని నువ్వడుగుతావు. బాగులేదంటే ఏది బాగున్నాదో వాయించమంటావు. అందుకని ఊఁ అన్నాను." టీ గ్లాసు కింద పెట్టారు. "తరవాత తరవాత అదే నాను నేర్సుకున్నాను. నీ ఎనకాలొచ్చిన పిల్లలందరికీ నీదే నేర్పినాను. బండి లేనప్పుడు కూడా నేర్పినాను."

ఆయన దగ్గర దొంగిలించానని నేను, నా దగ్గర దొంగిలించానని ఆయన. నలభై ఏళ్ళు ఒకరికొకరం దణ్ణాలు పెట్టుకున్నాం. ఆ చరణం నాదేనన్నమాట. పరికిణీ వేసుకున్న రోజుల్లో, వంటింట్లో అమ్మ తాలింపు వేస్తుండగా, గుమ్మం పక్కన కూర్చుని నేనే కట్టాను. అప్పుడు ఆ సంగతి ఎవరైనా చెప్పి ఉంటే ఇంకో పది కట్టేదాన్నేమో.

పిల్లల సభ సంగతి చెప్పి లేవబోతుంటే మాస్టారు నా చెయ్యి పట్టుకున్నారు. "సబలో నాదని సెప్పు. నాను బతికున్నన్నాళ్ళు నాది. తరవాత నీ ఇష్టం."

ఇంటికొస్తూ మలంచా రోడ్డు మీద బస్సు వెనక ఆగినప్పుడు మా ఆయన "ఏటి సెప్తావు?" అన్నారు. తెలీదన్నాను. నిజంగానే తెలీదు. ముసలి మనిషి నోరు తెరిచి ఒక్కటే అడిగాడు. ఇస్తే ఆయనకు సంతోషం, నాకు పోయేదేమీ కనబడదు. ఇచ్చేస్తే మాత్రం నేను పక్కింటి దీదీ అనుకునే మనిషినే అవుతాను, స్కూలూ లేదు, సొంతమూ లేదు.

పిల్లలతో మాత్రం రికార్డుది వద్దు, నేను వాయించేదే నేర్చుకోండి, ఎవరిదో సభలోనే చెప్తానన్నాను. సభ రోజు సాయంత్రం మాస్టారిని ఇస్త్రీ చొక్కాతో టోటోలో, అదే బ్యాటరీ రిక్షాలో, ఎక్కించుకుని తీసుకెళ్ళాం. ముందు వరసలో మా ఆయన పక్కన కూర్చోబెట్టాం. హాలు నిండా పిల్లలు. మా పాట వంతు రాగానే నిజామాబాదు పిల్ల నా గురించి నాలుగు ముక్కలు చెప్పి, "ఈ పాటల చరణం రికార్డుల ఉన్నట్టు ఉండదు. అది ఎవలదో ఆంటీనే చెప్తరు" అని తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి అని, మైకు నా నోటి దగ్గర పెట్టింది.

మాస్టారు మెడ చాచారు. నేను ఆయన వైపు చూశాను. మాస్టారిది అనాలని నోరు తెరిచాను. తీరా వచ్చిన మాట వేరు.

"నాది" అన్నాను.

మాస్టారి చెవి దూరం కదా, ఆయనకు అందరూ తన లాగే అనిపిస్తారు. హాలంతా వినేలా మా ఆయన్ని అడిగారు. "ఏటన్నాది?"

"తనదంట" అన్నారు మా ఆయన. ఆయన గొంతూ ఏమీ తక్కువ కాదు.

"నాదని సెప్పమన్నాను గదా దీన్ని" అన్నారు మాస్టారు. తెలుగు వచ్చినవాళ్ళు నవ్వారు, రానివాళ్ళు వాళ్ళను చూసి నవ్వారు. ఆ నవ్వులోనే డ్రమ్ముల అబ్బాయి మొదలుపెట్టేశాడు. పల్లవి, మళ్ళీ పల్లవి. చరణంలోకి వచ్చేసరికి పిల్లలు ముగ్గురూ నా దారినే నడిచారు, ఒక్క చోట కూడా తొట్రుపడకుండా. నలుగురి ముందు నా చరణాన్ని ఇంకొకరు నాతో కలిసి వాయించడం అదే మొదలు. కళ్ళు మసకబారి కడ్డీ ఎక్కడుందో కనబడలేదు, చేతికి తెలుసు కాబట్టి గట్టెక్కాను.

తిరుగు ప్రయాణంలో టోటోలో మాస్టారు మూతి బిగించుకుని కూర్చున్నారు. మా ఆయన పకోడీ పొట్లం చాపితే మాత్రం తీసుకున్నారు. నేను బతిమాలలేదు, నాకూ పౌరుషం ఉంది. పూరీ గేట్ దగ్గర పట్టాలు దాటాక, పొట్లం ఖాళీ అయ్యాక, నా వైపు తిరగకుండానే అన్నారు.

"సరణం నీదే. నాను కాదన్ను. గానీ గుంటా, అక్కడ కాళీ ఒదిలీసినోడిని నాను."

ఆ చరణం ఆయనకు వచ్చి ఉంటే నాకు నేర్పేసేవారు. ఎవరిదో చరణాన్ని తప్పు లేకుండా వాయిస్తూ నేను ముసలిదాన్నైపోయేదాన్ని.